ఇంకో ఫిల్టర్ పెడితే ఇంకో 8 చేపలు వేయొచ్చా? సిక్లిడ్ ట్యాంక్ లెక్క నేను ఎలా వేస్తానంటే

మీరు రాసింది రెండుసార్లు చదివానండి. 4 అడుగుల ట్యాంక్, 120 బై 45 బై 45 సెంటీమీటర్లు, అందులో ఎంబూనా, పీకాక్ (రెండూ ఆఫ్రికా మలావీ సరస్సు సిక్లిడ్ చేపలే) కలిపి 32, అవి కాక రెండు ఆస్కార్ (దక్షిణ అమెరికా పెద్ద సిక్లిడ్) పిల్లలు, ఒక కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంక్ బయట డబ్బాలా ఉండేది), వారానికి 20 శాతం నీళ్లు మారుస్తున్నారు. అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 80 పీపీఎం (లీటరుకి 80 మిల్లీగ్రాములు) దగ్గర, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) మొదట్లో 8 ఉండేది ఇప్పుడు 6.8కి దిగింది, పొద్దున్నే లైట్ వేయకముందు చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇంకో కానిస్టర్ పెడితే ఇంకో 8 చేపలు వేసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. ఫిల్టర్ కావాలంటే పెట్టుకోండి, మంచిదే, కానీ చేపలు మాత్రం ఒక్కటి కూడా వేయకండి, ఉన్నవాటిలోనే సగం దాకా తగ్గించాల్సి ఉంటుంది. ఎందుకో వివరంగా చెప్తా, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఫిల్టర్ సంగతి. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది, మిగిలిపోయిన మేత, రెట్ట కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. ఫిల్టర్ లో ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్ ని నైట్రేట్ చేస్తుంది. అంతే, అక్కడితో దాని పని అయిపోయింది. నైట్రేట్ ఎక్కడికీ పోదు, మీరు బకెట్ తో బయట పోసేదాకా ట్యాంక్ లోనే ఉంటుంది. మీ అమ్మోనియా, నైట్రైట్ రెండూ 0 ఉన్నాయంటే ఇప్పుడున్న ఫిల్టరే దాని పని సరిగ్గా చేస్తోందన్నమాట, రెండో ఫిల్టర్ వచ్చి కొత్తగా చేసేది పెద్దగా ఏమీ లేదు. అందుకే నేను ఎవరడిగినా ఒకటే చెప్తా, ఫిల్టర్ పెద్దదైతే ట్యాంక్ లో చోటు పెరగదు, మీరు ఎంత మేత వేస్తున్నారు, ఎంత నీళ్లు బయటికి పోస్తున్నారు అన్నదే ట్యాంక్ ఎంత మోయగలదో తేలుస్తుంది.

ఇది మాటవరసకి చెప్పట్లేదు, లెక్క చూడండి. సిక్లిడ్ పెల్లెట్స్ లో ప్రోటీన్ సుమారు 40 శాతం ఉంటుంది అనుకుందాం. 10 గ్రాముల మేత వేస్తే అందులో ప్రోటీన్ 4 గ్రాములు, ప్రోటీన్ లో నైట్రోజన్ 16 శాతం కాబట్టి 0.64 గ్రాములు, అది మొత్తం నైట్రేట్ గా మారితే 2.8 గ్రాములు. మీ ట్యాంక్ కొలతల ప్రకారం 243 లీటర్లు, కానీ రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 200 లీటర్లే ఉంటాయి. అంటే 10 గ్రాముల మేతకి 14 పీపీఎం నైట్రేట్. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత సైఫన్ లో చెత్తతో పోతుంది, సగమే మిగిలిందనుకున్నా 7. ఇప్పుడు మీరు రోజుకి ఎన్ని గ్రాములు వేస్తున్నారో ఒకసారి వంటింటి తూకం మీద పెట్టి చూడండి, చాలామంది చిటికెడు అనుకునేది 3 గ్రాములు ఉంటుంది, అదీ రోజుకి రెండుసార్లు.

ఇంకో లెక్క, ఇది తెలిశాక నేను నీళ్లు మార్చే పద్ధతే మారిపోయింది. వారానికి నైట్రేట్ ఎంత పెరుగుతుందో దాన్ని మీరు మార్చే నీళ్ల వంతుతో భాగిస్తే, కొన్నాళ్లకి నైట్రేట్ ఎక్కడికి చేరి ఆగుతుందో వస్తుంది. వారానికి 20 పెరుగుతూ పావు వంతు నీళ్లు మారుస్తుంటే అది 80కి చేరి ఆగుతుంది, అదే సగం మారిస్తే 40 దగ్గర ఆగుతుంది. మీ ట్యాంక్ 20 శాతానికి 80 దగ్గర ఉందంటే వారానికి మీ చేపలు తయారుచేస్తున్నది 16 పీపీఎం అన్నమాట. ఇవే చేపలతో సగం నీళ్లు మారిస్తే 32కి దిగుతుంది. చేపలు, మేత కూడా సగం చేస్తే 16. నేను 20 లోపు ఉంచడానికి చూస్తా, 40 దాటనివ్వను. మీరు 8 చేపలు ఎక్కువ వేసి ఇదే 20 శాతం మారుస్తూ పోతే దాదాపు 100కి చేరుతుంది, దానికి ఎన్ని కానిస్టర్లు పెట్టినా ఒకటే. (ఇదంతా మీ కుళాయి నీళ్లలో నైట్రేట్ లేదనుకుని వేసిన లెక్క, ఒకసారి కుళాయి నీళ్లు కూడా టెస్ట్ చేయండి, బోరు నీళ్లైతే తప్పకుండా చేయండి, కొన్ని బోరుల్లో ముందే నైట్రేట్ ఉంటుంది.)

కానీ మీ పోస్ట్ లో నన్ను భయపెట్టింది నైట్రేట్ కాదండి, పీహెచ్ 8 నుంచి 6.8కి రావడం. దాని గురించి మీరు ఒక్క ముక్క రాసి వదిలేశారు, నేను మాత్రం అక్కడే ఆగిపోయా, ఎందుకంటే ఇదే నాకు జరిగింది.

చాలా ఏళ్ల క్రితం నా దగ్గర కూడా 4 అడుగుల ఎంబూనా ట్యాంక్ ఉండేది, 40 చేపలు, రెండు కానిస్టర్లు, నీళ్లు అద్దంలా ఉండేవి. ఆ మెరుపు చూసి నీళ్లు మార్చడం మానేశా, రెండు నెలలు కేవలం ఆవిరైనంత నీళ్లు పోస్తూ వచ్చా. ఒకరోజు చేపలు మేతకి రాలేదు, మూలల్లో నక్కి ఊపిరి వేగంగా తీసుకుంటున్నాయి. పీహెచ్ చూస్తే 6.2. కంగారుపడి ఒకేసారి 70 శాతం నీళ్లు మార్చేశా, కుళాయి నీళ్ల పీహెచ్ 8. గంటలోపే చేపలు పక్కకి పడిపోవడం మొదలైంది, రాత్రికి 11 పోయాయి. అమ్మోనియా టెస్ట్ అప్పటిదాకా నెలల తరబడి చేయలేదు, ఫిల్టర్లు రెండు ఉన్నాయి కదా అని.

ఏం జరిగిందో చెప్తా. బ్యాక్టీరియా అమ్మోనియాని మార్చేటప్పుడు నీళ్లలో ఉండే కార్బొనేట్ ని తినేస్తుంది, దాన్నే మనం కేహెచ్ అంటాం. చేపలు ఎక్కువుంటే కేహెచ్ అంత వేగంగా అయిపోతుంది, అది అయిపోయిన రోజు పీహెచ్ ని పట్టి ఉంచేది ఇంకేమీ ఉండదు, జారిపోతుంది. పీహెచ్ 6 దగ్గరకి వచ్చేసరికి బ్యాక్టీరియా కూడా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కానీ అంత తక్కువ పీహెచ్ లో అది దాదాపు మొత్తం అమ్మోనియం రూపంలో ఉంటుంది, అది పెద్దగా విషం కాదు, అందుకే చేపలు బతికే ఉంటాయి. పీహెచ్ 1 పెరిగితే విషంగా ఉండే అమ్మోనియా వంతు దాదాపు 10 రెట్లు అవుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర అది వందలో అర వంతు, 8 దగ్గర వందలో 5 వంతులు, 8.5 దగ్గర 15. నేను 70 శాతం నీళ్లు మార్చినప్పుడు మొత్తం అమ్మోనియా మూడో వంతుకి తగ్గింది నిజమే, కానీ పీహెచ్ 6.2 నుంచి పైకి లేచేసరికి విషం 10 రెట్లకి పైనే పెరిగింది. నీళ్లు మార్చి చేపల్ని నేనే చంపుకున్నా. ఇప్పటికీ ఎవరైనా పీహెచ్ పడిపోయింది అంటే నా చెయ్యి ముందు అమ్మోనియా టెస్ట్ మీదకే పోతుంది.

మీకు ఇంకా అమ్మోనియా 0 చూపిస్తోంది కాబట్టి మీరు అంతదాకా రాలేదు, కానీ అదే దారిలో ఉన్నారు. మీ వారపు నైట్రేట్ పెరుగుదలని బట్టి చూస్తే మీ ట్యాంక్ కేహెచ్ కుళాయి నీళ్ల కంటే 3 డిగ్రీలు (కేహెచ్ ని డిగ్రీల్లోనే కొలుస్తారు, వేడి డిగ్రీలు కావు) కిందే ఉంటుందని నా అంచనా. కుళాయి నీళ్ల కేహెచ్ ఏ 4 డిగ్రీలో ఉంటే ట్యాంక్ లో మిగిలింది ఒక్క డిగ్రీ.

అందుకని ఈ వారం ఇలా చేయండి. ఒకేసారి 60, 70 శాతం మార్చేయకండి. ఇవాళ మళ్లీ అమ్మోనియా చూసుకుని 0 ఉందని ఖాయం చేసుకున్నాక రోజుకి 15 శాతం చొప్పున 8 రోజులు మార్చండి, మేత సగం చేయండి. 80 ఉన్న నైట్రేట్ 25, 30 మధ్యకి వచ్చేస్తుంది, పీహెచ్ మెల్లగా లేస్తుంది, చేపలకి దెబ్బ తగలదు. కుళాయి నీళ్లకి క్లోరిన్ మందు వేయడం మర్చిపోకండి, నేరుగా పైపుతో ట్యాంక్ లోకి పడుతుంటే కొత్త నీళ్లకి సరిపడా కాదు, మొత్తం ట్యాంక్ కి సరిపడా వేయాలి. నీళ్లు ఒకరోజు నిలవ ఉంచితే చాలు అని కొందరు చెప్తారు, మామూలు క్లోరిన్ అయితే ఎగిరిపోతుంది కానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపే చోట అలా పోదు. తర్వాత క్రష్డ్ కోరల్ (పగడపు ముక్కలు) ఒక నెట్ సంచిలో కట్టి ఫిల్టర్ లో పెట్టండి, మలావీ చేపలకి పీహెచ్ 7.8 నుంచి 8.5 మధ్య హాయిగా ఉంటుంది, కోరల్ మెల్లగా కరుగుతూ పీహెచ్ మళ్లీ పడిపోకుండా చూస్తుంది. కుళాయి నీళ్ల కేహెచ్చే తక్కువైతే కొత్త నీళ్లలో వంటసోడా కలపొచ్చు, 100 లీటర్లకి 3 గ్రాములు వేస్తే సుమారు ఒక డిగ్రీ పెరుగుతుంది. బాటిల్ లో వచ్చే పీహెచ్ పెంచే మందులు మాత్రం వద్దు, కేహెచ్ లేకుండా పీహెచ్ ఒక్కటే లేపితే పైకీ కిందకీ ఊగుతూ ఉంటుంది, ఆ ఊగడమే చేపకి ఎక్కువ చేటు.

పొద్దున్నే నోళ్లు తెరవడం గురించి. 25 డిగ్రీల నీళ్లు మహా అయితే లీటరుకి 8 మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్ పట్టుకుంటాయి, 30 డిగ్రీలకి అది 7.5 అవుతుంది. రాత్రంతా 34 చేపలు, ఫిల్టర్ బ్యాక్టీరియా, అడుగున కుళ్లే చెత్త అందరూ అందులోంచే పీల్చుకుంటారు. కానిస్టర్ నీళ్లు వచ్చే పైపుని నీటి పై భాగానికి తిప్పండి, పైన నీళ్లు బాగా కదలాలి, ఇవాళే ఒక ఎయిర్ పంప్, స్పాంజ్ ఫిల్టర్ కూడా పెట్టండి. మీరు కొనాలనుకుంటున్న రెండో కానిస్టర్ కంటే ఇదే మీకు ముందు అవసరం. బ్యాటరీ మీద నడిచే ఎయిర్ పంప్ ఒకటి దగ్గర పెట్టుకోండి, కిక్కిరిసిన ట్యాంక్ లో కరెంట్ పోతే టైమ్ చాలా తక్కువ ఉంటుంది. కరెంట్ గంటల తరబడి పోయి వస్తే కానిస్టర్ ని అలాగే ఆన్ అవనివ్వకండి, లోపల మూసుకుపోయిన నీళ్లలో ఆక్సిజన్ అయిపోయి మీడియా (బ్యాక్టీరియా ఉండే స్పాంజ్ లాంటివి) కుళ్లడం మొదలవుతుంది, ఆ మురికంతా ఒక్కసారిగా ట్యాంక్ లోకి కొడుతుంది. విప్పి, ఆ నీళ్లు పారబోసి, మీడియాని ట్యాంక్ నీళ్లలో ఒకసారి ముంచి తీసి అప్పుడు ఆన్ చేయండి. మామూలుగా కడిగేటప్పుడు కూడా ట్యాంక్ నీళ్లతోనే, కుళాయి కింద పెడితే క్లోరిన్ కి బ్యాక్టీరియా పోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న, ఎన్ని చేపలు. చేప పొడవు అంగుళానికి ఒక గ్యాలన్ నీళ్లు అనే పాత లెక్క సిక్లిడ్స్ కి పూర్తిగా పక్కన పెట్టేయండి. చేప పొడవు రెండింతలైతే బరువు రెండింతలు కాదు, దాదాపు 8 రెట్లు, ఎందుకంటే పొడవుతో పాటు లావు, ఎత్తు కూడా పెరుగుతాయి. మీరు 5 సెంటీమీటర్ల ఆస్కార్ ని తెచ్చారు, అది 30 సెంటీమీటర్లు అవుతుంది, 6 రెట్లు పొడవు అంటే 200 రెట్లకి పైన బరువు. ఇవాళ రెండు చిన్న చేపలు అనుకుంటున్నవి ఇంకో ఏడాదికి మిగతా ట్యాంక్ అంతా కలిపినంత మేత తిని అంత చెత్త చేస్తాయి, పైగా నోట్లో పట్టే చేపని మింగేస్తాయి. ఆస్కార్ కి మాంసం మేత కావాలి, ఎంబూనా రాళ్ల మీద నాచు గీక్కుని తినే జాతి, దానికి ఎక్కువ మాంసం మేత పడితే పొట్ట జబ్బులు వస్తాయి. నీళ్ల విషయంలో కూడా రెండింటి ఇష్టాలు వేరు. ఒక్క ఆస్కార్ కే 280 లీటర్ల ట్యాంక్ కావాలి. అందుకని ముందు బయటికి వెళ్లాల్సినవి ఆ రెండే, చిన్నగా ఉన్నప్పుడే మంచి ఇల్లు దొరుకుతుంది, పెద్దయ్యాక ఎవరూ తీసుకోరు.

మిగిలిన 32లో ఎంబూనా, పీకాక్ లలో ఏదో ఒకటి ఎంచుకోండి. ఎంబూనా మొరటువి, పీకాక్ లు నెమ్మదైనవి, కలిపి ఉంచితే పీకాక్ మగవాటికి రంగు కూడా సరిగ్గా రాదు, ఎప్పుడూ మూల పట్టుకుని ఉంటాయి. ఎంబూనానే ఉంచితే మీ ట్యాంక్ కి 15 నుంచి 18, మూడు జాతులు, ఒక్కో మగదానికి 3, 4 ఆడవి. పీకాక్ లు ఉంచితే 10, 12.

ఇక్కడ మీకు ఒక అనుమానం వస్తుంది, పోస్ట్ లో అడిగారు కూడా, సిక్లిడ్స్ ని కిక్కిరిసి పెడితేనే కొట్టుకోవు అంటారు కదా అని. అది అబద్ధం కాదండి. ఎంబూనా 5 వేస్తే పెద్ద మగది మిగతా నాలుగింటినీ వెంటాడి చంపుతుంది, 16 వేస్తే ఎవర్ని తరమాలో తెలియక దాని కోపం అందరికీ కొంచెం కొంచెం పంచబడుతుంది. అందుకే ఎంబూనాకి మామూలు చేపల కంటే కొంచెం ఒత్తుగా పెట్టమని నేనూ చెప్తా, పైన చెప్పిన 15 నుంచి 18 ఆ ఒత్తు కలిపిన లెక్కే. కానీ ఆ మాటని పట్టుకుని 30, 40కి పోతే కొట్లాట తగ్గిన మాట నిజమే అయినా చాలాసార్లు అది శాంతి కాదు, నీళ్లు పాడై చేపకి తరిమే ఓపిక లేకపోవడం. నీళ్లు బాగుచేయగానే మళ్లీ తరుముకుంటాయి, మీకూ ఈ 8 రోజుల్లో అది కనిపించొచ్చు, కంగారుపడకండి. అందరినీ ఏడిపించే మగది ఏదో అప్పుడు తెలుస్తుంది, తీసేయాల్సిన వాటిలో దాన్ని ముందు పెట్టండి. రాళ్లు ఒకసారి అన్నీ కదిపి కొత్తగా పేర్చండి, ఎవరి ఇలాకా ఎక్కడో మర్చిపోతాయి. ట్యాంక్ ఎత్తు వీటికి పెద్దగా పనికిరాదు, అడుగు వైశాల్యమే లెక్క.

మలావీ సరస్సు వీడియోల్లో రాళ్ల చుట్టూ వందల చేపలు కనిపిస్తాయి కదా అని కూడా అన్నారు. కనిపిస్తాయి, కానీ ఆ సరస్సు దాదాపు 29,600 చదరపు కిలోమీటర్లు, లోతు 700 మీటర్ల దాకా, ఆ రాళ్ల దగ్గర అలలకి నీళ్లు ఎప్పటికప్పుడు కొత్తవి వస్తూనే ఉంటాయి. అక్కడి ఆ ఒత్తుని మనం 200 లీటర్లలో తేలేం, తేవాలంటే రోజూ నీళ్లు మార్చాలి.

పిల్లల సంగతి ముందే ఆలోచించుకోండి. ఎంబూనా, పీకాక్ ఆడవి గుడ్లు నోట్లో పెట్టుకుని దాదాపు మూడు వారాలు మోస్తాయి, రాళ్ల సందుల్లో వదిలిన పిల్లల్లో కొన్ని ఎలాగైనా బతుకుతాయి. ఆర్నెల్ల తర్వాత లెక్కపెడితే మీరు కొన్న 16, 24 అయి ఉంటాయి. నేను మూడు నెలలకోసారి రాళ్లన్నీ తీసి లెక్కపెడతా, ఎక్కువైనవి ఇచ్చేస్తా. ఇవ్వడానికి ఎవరూ దొరకలేదని చెరువులోనో కాలవలోనో మాత్రం దయచేసి వదలకండి, అమెరికాలో ఫ్లోరిడా కాలవల్లో ఆస్కార్ లు ఇలా బయటినుంచి వచ్చి పాతుకుపోయినవే, అక్కడి సొంత చేపలకి పోటీ అయ్యాయి.

మేత విషయంలో ఒక్క మాట. సిక్లిడ్ మిమ్మల్ని చూడగానే అద్దం దగ్గరకి వచ్చి ఆడుతుంది, అది ఆకలి కాదు, అలవాటు. నిమిషంలో అయిపోయేంత వేయండి, వారానికి ఒకరోజు పస్తు ఉంచండి, పెద్ద చేపలకి ఏమీ కాదు. మేత తగ్గించడం అంత తేలికైన పని ఇంకోటి లేదు, కానీ ఇంట్లో అందరూ తలో చిటికెడు వేస్తుంటారు, అందుకే నేను రోజు మేత పొద్దున్నే ఒక చిన్న డబ్బాలో తూచి పెడతా, అది అయిపోతే ఆ రోజుకి అంతే.

టెస్ట్ కిట్ లిక్విడ్ ది వాడండి, స్ట్రిప్స్ తో 40కీ 80కీ తేడా తెలియదు. నైట్రేట్ రెండో బాటిల్ ని వేసే ముందు గట్టిగా అర నిమిషం ఊపాలి, అడుగున పొడి దిగిపోయి ఉంటుంది, ఊపకపోతే తక్కువ చూపిస్తుంది. మీ 80 అలా ఊపకుండా వచ్చిన 80 అయితే అసలు నంబర్ ఇంకా ఎక్కువ ఉండొచ్చు, ఒకసారి మళ్లీ చేసి చూడండి.

కేహెచ్ టెస్ట్ మీ దగ్గర ఉందో లేదో రాయలేదు. లేకపోతే ముందు అది తెచ్చుకోండి, ఒకటి కుళాయి నీళ్లది, ఒకటి ట్యాంక్ ది, రెండు నంబర్లూ ఇక్కడ పెట్టండి, పక్కన రోజుకి ఎన్ని గ్రాముల మేత వేస్తున్నారో కూడా. అవి చూశాక కోరల్ ఎంత పెట్టాలో, సోడా అవసరమో కాదో చెప్తా. అప్పటిదాకా రోజూ పొద్దున నీళ్లు మార్చే ముందు అమ్మోనియా చూడండి, 0 కాక ఇంకేదైనా కనిపిస్తే ఆ రోజు మేత ఆపేసి, కోరల్, సోడా ఏదీ వేయకుండా ముందు నాకు చెప్పండి.